ఆరు సంచుల్లో నాది ఒక్కటే

జూన్ 1, ఉదయం

అలమారాలో బట్టలు తగిలించే కడ్డీ విరిగింది. టై తీసుకుందామని మా ఆయన చెయ్యి పెట్టారట. నా కోట్లు, డ్రెస్సులు, స్కార్ఫులు అన్నీ కలిసి ఆయన మీద పడ్డాయి. నేను పరుగెత్తుకెళ్ళేసరికి పచ్చ స్కార్ఫు కింద నుంచి కళ్ళద్దాలు మాత్రం కనబడుతున్నాయి.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా టై ఈ గుట్టలో ఎక్కడో ఉంది. దొరికితే దుకాణానికి పంపించు" అని టై లేకుండానే వెళ్ళిపోయారు. ఆయనది కళ్ళద్దాల దుకాణం. ఎదుటివాళ్ళకి చూపు తక్కువైతే వెంటనే కనిపెట్టేస్తారు. పెళ్ళాం కొనే బట్టలు మాత్రం ఇన్నేళ్ళూ కనబడనట్టే ఉన్నారు, పాపం.

సిగ్గేసింది. గుట్ట మీద కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. ఈ నెలంతా ఒంటి మీద వేసుకునేది ఏదీ కొనను.

మనసు దూదిపింజలా ఉంది. ఇంత సుఖం ఉందని తెలిస్తే ఎప్పుడో మానేసేదాన్ని.

సాయంత్రం

ఆఫీసులో నోరు జారాను. మా ఎడిటరమ్మ చెవిన పడింది.

"స్టైల్ పేజీ రాసే మనిషి కొనడం మానేసిందా? ఇంతకన్నా మంచి శీర్షిక ఏం కావాలి?" అంది. ఒప్పుకునే లోపలే 'కొనని నెల' అని పేరు పెట్టేసింది. ఖాళీ చేతులు చూపిస్తూ ఫొటో కూడా తీయించింది. ఇప్పుడిక ఊరంతా సాక్షి.

జూన్ 3

పాఠకుల ఉత్తరాలే ఉత్తరాలు. ఒక బ్యాంకు ఆవిడ, ఒక పళ్ళ డాక్టరు నాతోపాటు ఒట్టు పెట్టుకున్నారట. నేనేదో ఉద్యమానికి నాయకురాలిని అయినట్టుంది.

ఇవాళ్టి చిట్కా: పాత కోటుకి నడుం దగ్గర బెల్టు బిగిస్తే కొత్త కోటే. నాదీ అలాగే వేసుకెళ్ళాను. లిఫ్టులో కింద అంతస్తు ఆవిడ "కొత్తదా?" అని అడిగింది. కాదని చెప్పడంలో ఎంత గర్వం ఉందో. రెండోసారి కూడా అడిగితే బాగుండనిపించింది.

జూన్ 5

షాపింగ్ సెంటరుకి వెళ్ళాల్సొచ్చింది. ఆఫీసు పని. సీజన్ బట్టల మీద రాయాలంటే చూడకుండా ఎలా రాస్తాను? చూస్తే కొన్నట్టు కాదు. గుడ్డ పట్టుకుంటే కూడా కాదు, నేత ఎలాంటిదో తెలియాలి కదా. వేసి చూస్తే... అక్కడ ఆగాను.

మూడో అంతస్తులో ఎర్ర చెప్పులు కనబడ్డాయి. సన్నటి పట్టీ, పొట్టి మడమ. ముందుకి నడిచాను. వెనక్కి వచ్చాను. మళ్ళీ ముందుకి నడిచాను. సేల్స్ అమ్మాయి కుర్చీ వేసింది, నేను ఎక్కడికి చేరతానో ముందే తెలిసినట్టు. కూర్చోలేదు. ఇది రాసిపెట్టుకోవాలి. కూర్చోలేదు.

జూన్ 8

ఆఫీసంతా ఒకటే గొడవ. రాణీగారు మూడు నెలలుగా బయట కనబడటం లేదు. సినిమాల్లో రాణివేషాలు వేసీ వేసీ ఆవిడ పేరే జనం మరిచిపోయారు, అందరికీ రాణీగారే. రహస్యంగా మళ్ళీ పెళ్ళి చేసుకుందని ఎడిటరమ్మ. ముఖానికి ఏదో ఆపరేషన్ చేయించుకుంటే వికటించిందని ఫొటోగ్రాఫరు. మా అక్క ఫోన్ చేసి, ఎక్కడో కొండల్లో మేకలు పెంచుకుంటోందని చెప్పింది. ఎవరు చెప్పారంటే, "అందరూ అంటున్నారే" అంది. ఆ అందరూ ఎవరో కాదు, అక్కే. నిన్న నలుగురికి ఫోన్ చేసి చెప్పింది.

నా పేజీలో చివర ఒక వాక్యం పెట్టాను: 'రాణీగారు ముఖం చాటేశారు, కొత్త ముఖం ఇంకా కుదరలేదేమో.' ఎడిటరమ్మ చదివి బల్ల మీద చరిచి నవ్వింది. నాకూ బాగానే అనిపించింది.

జూన్ 11

బెల్టు కొన్నాను. బెల్టు బట్ట కాదు. పాత బట్టని కొత్తది చేసే పనిముట్టు. సుత్తి లాంటిది.

స్కార్ఫు కూడా. అది అక్కకి. పుట్టినరోజు కానుక. అక్క పుట్టినరోజు పోయిన నెలలోనే అయిపోయింది, అందుకని వచ్చే ఏడాదిదాకా నేనే జాగ్రత్తగా చూసుకోవాలి. గుడ్డ మడతల్లో పాడైపోతుంది కాబట్టి అప్పుడప్పుడు మెడకి చుట్టుకోవాలి.

రెండూ కారు డిక్కీలో ఉన్నాయి.

జూన్ 14

బెల్టు మార్చుకోవడానికి వెళ్ళాను. ఒక కన్నం తక్కువైంది. తప్పు బెల్టుది. మార్చుకోవడం కొనడం కిందికి రాదు. దానికి బదులు బ్లౌజు తీసుకున్నాను. బెల్టు వెనక్కి ఇచ్చేశాను కాబట్టి లెక్క సరిపోయింది.

ఇంటికొచ్చి ఈ వారం పేజీ రాశాను. 'కొనకపోవడం ఎంత హాయో మీకూ తెలియాలి' అని. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. అదే కాస్త భయంగా ఉంది.

జూన్ 17

ఇవాళ జరిగింది వివరంగా రాస్తాను. ఇంకెవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడైనా చెప్పుకోవాలి.

సీజన్ చివరి డిస్కౌంటు మొదలైంది. చూడటానికే వెళ్ళాను. చూడటానికి వెళ్ళినదాన్ని మూడు డ్రెస్సులు చేత్తో పట్టుకుని ట్రయల్ రూమ్‌లో ఎందుకున్నానో ఆ డ్రెస్సులనే అడగాలి.

పక్క గదిలోంచి ఒక గొంతు. "అమ్మా, కాస్త ఈ జిప్పు లాగిపెడతారా?"

ఒళ్ళు ఝల్లుమంది. వెండితెర మీద ఎంతమందిని కోట బయటికి గెంటించిందో ఆ గొంతు. తెర పక్కకి జరిపితే రాణీగారు. నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, జిప్పు సగంలో ఇరుక్కుని నిలబడి ఉంది. ముఖం ఎప్పటిదే. వికటించింది ఏమీ లేదు.

ఆవిడ అద్దంలోంచి నన్ను చూసింది.

"మీరు స్టైల్ పేజీ ఆవిడ కదూ. కొత్త ముఖం కుదరలేదేమోనని రాసింది మీరే."

భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. ట్రయల్ రూమ్‌లో అంత చోటు కూడా లేదు.

"క్షమించండి" అన్నాను.

"తర్వాత చూద్దాం. ముందు జిప్పు లాగండి."

లాగాను. అప్పుడు చెప్పింది. వచ్చే వారం ఆవిడ కూతురి పెళ్ళి. ఏ రోజో, ఏ ఊళ్ళోనో కూడా చెప్పింది. అమ్మాయి ఒకే ఒక్క షరతు పెట్టిందట. అమ్మ రావాలి, రాణీగారు రాకూడదు.

"అది బళ్ళో నాటకంలో చెట్టు వేషం వేసిందండీ. చూడ్డానికి వెళ్ళాను. మర్నాడు పేపర్లో నా ఫొటో వచ్చింది. చెట్టు కొమ్మ కూడా పడలేదు అందులో. ఆ ఫొటో కత్తిరించి ఇప్పటికీ దాచుకుంది. నా మీద ప్రేమతో కాదు." నెత్తి మీది కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "అందుకే ఇలాంటి రోజు చూసి వచ్చాను. డిస్కౌంటప్పుడు ఎవరూ ఎవరి ముఖమూ చూడరు, ధర చీటీలే చూస్తారు. మీరు అందరికీ ఎలా కనబడాలో చెప్తారు కదా. నాకు ఎలా కనబడకుండా ఉండాలో చెప్పండి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ అడగని ప్రశ్న.

బూడిదరంగు వేయించాను, వెండిలా మెరిసింది. వదులు గౌను వేయించాను, మారువేషంలో ఉన్న మహారాణిలా ఉంది. ముదురు గోధుమరంగు వేస్తే ఇక చెప్పక్కర్లేదు, సింహాసనం ఎక్కడ అని అడుగుతున్నట్టుంది. నేను గుట్టలు గుట్టలుగా తెచ్చి ఇస్తున్నాను, ఆవిడ విప్పి విసిరేస్తోంది.

"నన్ను బాగా చూపించడానికి ఎంతోమంది కష్టపడ్డారు. చెడగొట్టడానికి ఇంత కష్టపడ్డది మీరే" అంది.

అప్పుడు తట్టింది. "బట్టలు కాదండీ, మీ వీపు. ఆ వీపు అలా నిటారుగా ఉన్నంతకాలం గోనెసంచి కట్టుకున్నా లాభం లేదు."

"మరెలా నిలబడమంటారు?"

"నాలాగా. బస్సు తప్పిపోయినదానిలాగా."

నన్ను కిందినుంచి పైదాకా చూసింది. భుజాలు వదిలింది. ఒక కాలి మీద బరువు వేసింది. సంచి బరువుకి ఒక పక్కకి వంగినట్టు నిలబడింది. అంతే, అద్దంలో రాణీగారు లేదు. ముదురు గోధుమరంగు గౌనులో ఒక అమ్మ ఉంది, చెప్పులు కరుస్తున్నట్టు ముఖం పెట్టుకుని. ఇద్దరం నోరు మూసుకుని నవ్వాం.

ఏది సరిపడుతుందో కూతురికే చూపిస్తానని చాలా తీసుకుంది. కౌంటరు దగ్గర ఇద్దరమ్మాయిలు ఆ గొంతు విని అటూ ఇటూ చూస్తున్నారు. అందుకని డబ్బు నా చేతికిచ్చింది, నేను వరుసలో నిలబడ్డాను. ఐదు సంచులు.

కౌంటరు పక్కనే ఎర్ర చెప్పులు. నా సైజువి.

ఆరు సంచులు.

ఆవిడవి కారు దాకా మోసుకెళ్ళి ఇచ్చాను. నా ఫోన్ నంబరు తీసుకుంది. "రాయరు కదా?" అని అడిగింది. రాయనన్నాను. నమ్మినట్టు లేదు. నా పేజీ చదివే మనిషి, ఎలా నమ్ముతుంది?

జూన్ 18

పోటీ పత్రికలో నా ఫొటో. రెండు చేతులకీ సంచులు, నోరు కాస్త తెరిచి. కింద శీర్షిక: 'కొనని నెల, మోయలేని సంచులు.'

నిజం చెప్పాలంటే శీర్షిక బాగుంది. నాకు తట్టి ఉంటే నేనే వాడుకునేదాన్ని.

అక్క ఫోన్. "ఆరు సంచులే! నాతో ఒక్కమాటైనా అనకుండా!" బావ పక్కనుంచి "ఏడు కాదూ?" అంటున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. అక్కా, అవి రాణీగారివే, మేకలూ లేవు ఏమీ లేవు, అని. అక్కకి చెప్పడమంటే టముకు వేయించినట్టే. మింగేశాను.

"ఏమీ లేదక్కా, బుద్ధి గడ్డి తింది" అన్నాను.

"పోనీలే, చెప్పులు ఎలా ఉన్నాయి?" అంది. అక్క అక్కే.

భోజనాల దగ్గర మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఆరూ నీవేనా?"

"ఒకటి."

"మిగతా ఐదు?"

"చెప్పలేనండీ."

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అసలేమీ కొనలేదంటే నమ్మేవాణ్ణి కాదు. ఒకటన్నావు చూడు, అందుకని నమ్ముతున్నాను" అన్నారు. లేచి వెళ్తూ, "డిక్కీలో స్కార్ఫు కూడా నీదేనా?" అని అడిగారు.

కనబడనట్టు ఉన్నారనుకున్నాను ఇన్నాళ్ళూ.

జూన్ 19

ఎడిటరమ్మ గదిలోకి పిలిచింది. పళ్ళ డాక్టరు ఘాటుగా రాసిందట. నన్ను నమ్ముకుని తను పాత కోటు వేసుకుని మరిది పెళ్ళికి వెళ్ళిందట.

"ఒక్క కారణం చెప్పు, అచ్చు వేస్తాను. ఎవరికోసమైనా కొన్నావా?"

"లేదు."

"పోనీ, రాణీగారి కబురు ఒక్కటి పట్టుకురా. కవర్ పేజీ నీది. ఈ గొడవంతా జనం మరిచిపోతారు."

నోట్లో మిఠాయి పెట్టి చప్పరించకు అన్నట్టుంది. పెళ్ళి రోజు తెలుసు, ఊరు తెలుసు, గౌను రంగు తెలుసు. ఆవిడ వీపు సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. ఒక్క వాక్యం చాలు.

చెట్టు వేషం గుర్తొచ్చింది.

"నా దగ్గర ఏ కబురూ లేదు" అన్నాను. అబద్ధాలు చాలా ఆడాను ఈ నెల. నిఖార్సైనది ఇదొక్కటే.

నా పేజీ కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. నాకు మరకలు పోగొట్టే చిట్కాల శీర్షిక.

జూన్ 24

సిరా మరకకి పాలు. నూనె మరకకి పిండి. తుప్పు మరకకి నిమ్మకాయ, ఎండ. మనిషి మీద పడ్డ మరక ఎలా పోతుందని ఎవరూ రాయలేదు.

కొత్తమ్మాయి నా కుర్చీలో కూర్చుని, పొడుగ్గా కనబడాలంటే ఏం చేయాలో రాస్తోంది. నిలువు చారలట. సాయం చేద్దామనుకుని ఊరుకున్నాను. సాయంత్రం ఎర్ర చెప్పులు వేసుకుని ఇంట్లోనే తిరిగాను. కరుస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 28

పేపర్లన్నీ తిరగేశాను. ఏ పేజీలోనూ పెళ్ళి లేదు. రాణీగారు మేకలతో ఉన్నట్టు మాత్రం పోటీ పత్రికవాళ్ళు రాశారు. అక్క నోటి చలవ.

మధ్యాహ్నం ఫోన్‌కి ఒక సందేశం. తెలియని నంబరు.

'గుంపు ఫొటోలో అడ్డంగా ఉన్నానని ఫొటోగ్రాఫరు నన్ను పక్కకి జరగమన్నాడు. బస్సు తప్పిపోయినదానిలాగా జరిగాను. ఎవరూ నన్ను చూడలేదు, మా అమ్మాయి తప్ప.'

మరకల ఉత్తరాల మధ్య కూర్చుని చాలాసేపు అదే చదువుకున్నాను. కొత్తమ్మాయి వచ్చి "ఏడుస్తున్నారా?" అంది. ఉల్లిపాయ మరక అన్నాను. అలాంటి మరక ఉందా అని పాపం రాసుకుంది.

జూలై 1

ఎడిటరమ్మ నా పేజీ నాకు తిరిగిచ్చింది. క్షమించి కాదు. నిలువు చారల గురించి వరసగా రెండు వారాలు చదవలేమని ఉత్తరాలు వచ్చాయట. 'ఆ దొంగ ఆవిడే నయం' అని ఒకరు, 'మేమూ చాటుగా కొన్నాం' అని చాలామంది.

కాబట్టి మళ్ళీ మొదలు. ఈ నెల ఏమీ కొనను. ఈసారి పేజీలో వేయను, ఆఫీసులో చెప్పను. మా ఆయనకి చెప్పాను. "మంచిది" అని కొత్త కడ్డీ బిగిస్తున్నారు. ఇనుపది తెచ్చారు. ఆ నమ్మకం చూస్తే ముచ్చటేసింది.

మనసు దూదిపింజలా ఉంది.

అక్క ఫోన్ చేస్తోంది. తీయను.

తీశాను. వాళ్ళ వీధి చివర కొత్త కొట్టు తెరుస్తున్నారట ఇవాళ. అన్నీ చేత్తో కుట్టినవట. అక్కకి తోడు వెళ్ళకపోతే ఏమనుకుంటుంది? ఒట్టు అన్నాక ఒకటో తారీఖునే మొదలవ్వాలని ఎక్కడా లేదు. రెండో తారీఖు కూడా మంచి రోజే.