మారు అడగని పిల్ల పేరిట

నూలు మిల్లు క్యాంటీన్‌లో ఇరవై ఆరేళ్లు వంట చేసి, అందులో పదకొండేళ్లు పెద్ద వంటావిడగా ఉండి రిటైరైన నేను, లిఫ్టు మెకానిక్‌గా పనిచేసి నాలుగేళ్ల కిందట కాలం చేసిన వారి భార్యను, అరవై ఎనిమిదేళ్లదాన్ని, నా ఇష్టంతో నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. పొయ్యి మీద ఉన్న పప్పులో ఉప్పు పడిందో లేదో వాసన చూసి చెప్పగలను. మోకాళ్లూ ఎడమ కన్నూ సరిగా లేవు గాని, వాటితో వీలునామాకు పని లేదని ఎదురింటి లెక్కల మాష్టారు చెప్పారు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు కనుక రద్దు చేయవలసిందీ లేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పైన చెప్పిన లెక్కల మాష్టారికి అప్పగిస్తున్నాను. ఆయన సరిగ్గా ఏడింటికి భోజనానికి కూర్చుంటారు, ఆ సమయంలో ఎవరూ తలుపు కొట్టకూడదు. ముసాయిదా చదివి, “వీలునామాలో ఆస్తులు రాయాలమ్మా, కష్టాలు కాదు” అన్నారు. ఆ రెండింటినీ విడదీయడం నాకు చేతకాదు కాబట్టి మాష్టారు కాస్త ఓపిక పట్టాలి.

2. నేనుంటున్న ఈ రెండు గదులూ వంటిల్లూ నా భర్త కష్టార్జితం. బతికినంత కాలం ఊళ్లోవాళ్ల లిఫ్టులు బాగుచేసిన మనిషి, లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తు కొన్నాడు. అడిగితే, “ఇంటికొచ్చాక కూడా ఆ డబ్బాలోనే ఎక్కమంటావా” అనేవాడు. ఈ ఇల్లు ఆయన మొదటి భార్య కూతురికి, అంటే ఈ కాగితంలో ఇకమీదట అమ్మాయి అని రాయబోయే ఆమెకు, సర్వహక్కులతో చెందుతుంది. ఆమె వేరే ఊళ్లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. ఇది నేనిస్తున్నట్టు కాదు, ఆమెకు రావలసిందే. బ్యాంకులో ఉన్నది ఎంతైతే అంత కూడా ఆమెదే. వంటింటి కిటికీ గడియ కొంచెం పైకెత్తి లాగితేనే పడుతుంది. స్టవ్వు ఎడమ వైపు బర్నరు చిన్న మంట మీద ఆరిపోతూ ఉంటుంది, జాగ్రత్త.

3. నా మరిదికి గాజు ఉప్పుడబ్బా. ముప్ఫై ఏళ్లుగా ఆయన మా ఇంట్లో ఏ కూరా రుచి చూడకుండానే ముందు ఉప్పు చల్లుకున్నాడు. నా వంట మీద ఆయనకున్న నమ్మకానికి గుర్తుగా ఇది ఆయన దగ్గరే ఉండడం న్యాయం. నా భర్త పోయిన వారానికి, “ఒక్కదానివే కదా వదినా, నీకెందుకింత పెద్దది” అని ఆయన చంకన పెట్టుకుపోయిన కుక్కరును తెచ్చి అమ్మాయికి అప్పగించాలి. ఆయన గురించి ఇంకో సంగతి ఆరో అంశంలో ఉంది. అది చదివేటప్పుడు ఆయన లేచి వెళ్లిపోకుండా మాష్టారు చూసుకోవాలి.

4. కింది అంతస్తు టైలరుకు మూడు స్టీలు గిన్నెలు ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు వీలునామాలో ఏమీ రాయకూడదట. అందుకని నిన్ననే ఇచ్చేశాను. వాటిమీద ఎవరూ పేచీ పెట్టవద్దు.

5. నా చేతి వంట. ఇది కూడా ఆస్తి కిందే లెక్క అని నా ఉద్దేశం. పెళ్లయి ఈ ఇంటికొచ్చేనాటికి నాకు రెండు వందల మందికి వండడం వచ్చు, ముగ్గురికి వండడం రాదు. పద్దెనిమిది కిలోల బంగాళదుంపలకు ఎంత ఉప్పో తడుముకోకుండా చెబుతాను గాని, నాలుగు దుంపలకు ఎంతో తెలియక తల పట్టుకున్నాను. మొదటి వారం మా కూర మేడంతా తిన్నది. నెమ్మదిగా కుదిరిన కొలతలు ఇవి, ముగ్గురికి.

బంగాళదుంపలు నాలుగు. ఉడికాక చేత్తో చిదపాలి, కత్తితో కోస్తే మిరియాల పొడి పట్టదు. పప్పు అయితే చిన్న గ్లాసుడు, ఆకుకూర ఎంత దొరికితే అంత. ఆకు ముందే వేస్తే నల్లబడుతుంది, పప్పు మెత్తబడ్డాకే వేయాలి. ఉల్లిపాయ ఒకటి, టమాటాలు ఐదు బాగా మగ్గనిచ్చి, అందులో గుడ్లు కొట్టిపోసి మూత పెట్టాలి. కలపకూడదు, చేతులు కట్టుకుని నిలబడాలి, కష్టమంతా అక్కడే ఉంది. క్యాబేజీ సన్నగా తరిగి పెద్ద మంట మీద వేయించాలి, మూత పెడితే నీరుగారిపోతుంది. ఇందులో గొప్పేమీ లేదు. పని నుంచి వచ్చిన మనిషి కాళ్లు కడుక్కుని కూర్చునేసరికి పళ్లెంలో వేడిగా ఉండవలసినది, అంతే.

ఇప్పుడు నాకు ఒక్క దుంప చాలు. కానీ ఒక్క దుంపతో కూర కుదరదు, పెద్ద బాణలిలో అడుగున ఓ మూలకు చేరి మాడిపోతుంది. అందుకని ఇప్పటికీ నాలుగే వండుతున్నాను. సోమవారం కూర బుధవారం దాకా వస్తుంది. ఒంటరితనం అంటే నాకు తెలిసినంతవరకు ఇదే. నలుగురిలో ఉన్నట్టుంటుందని టీవీ పెట్టుకుని తింటాను, అందులో ఏమొస్తోందో చూడను.

6. మారు సంగతి. క్యాంటీన్‌లో మొదటి వడ్డన అందరికీ సమానంగా పడుతుంది. అది అయిపోయాక కావలసినవాళ్లు “మారూ” అని కేకేస్తారు. గరిటె పట్టుకుని మళ్లీ తిరగాలి. వంట చేసేవాళ్లకు అంతకు మించిన మెచ్చుకోలు లేదు. బాగుందని నోటితో అనడం మర్యాదకు, మారు అడగడం మాత్రం నిజంగా బాగుంటేనే.

నేను వచ్చేనాటికి అమ్మాయికి తొమ్మిదేళ్లు. తల్లి పోయి రెండేళ్లయింది. మొదటి సాయంత్రం అన్నం, బంగాళదుంప కూర వడ్డించి గరిటెతో పక్కనే నిలబడ్డాను. పళ్లెం ఖాళీ చేసి, “చాలు పిన్నీ” అని లేచింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్లిన ఇరవై రెండో ఏడు దాకా, పదమూడేళ్లు, ఒక్క సాయంత్రం కూడా మారు అడగలేదు. మా ఆయన పాపం ఆ లోటు తీర్చడానికి రోజూ రెండుసార్లు అడిగి పొట్ట పెంచాడు. నాకు అర్థం కానిది ఏమిటంటే, అమ్మాయి పళ్లెం కడిగినంత శుభ్రంగా ఉండేది. నచ్చకపోతే వదిలేయాలి కదా. ఉప్పు తగ్గించి చూశాను, పెంచి చూశాను, ముక్కలు సన్నగా కోసి చూశాను.

పద్నాలుగు నెలల కిందట మరిది భోజనానికి వచ్చాడు. ఉప్పు చల్లుకుని తిని, మారు అడిగి, ఏదో గుర్తొచ్చి నవ్వాడు. “నీకు తెలీదేమో వదినా, నీ పెళ్లి రోజు మీ అమ్మాయి నన్ను భలే ప్రశ్న వేసింది” అన్నాడు. వచ్చినవాళ్లలో ఎవరో “ఈ పిల్లకు మారుతల్లి వచ్చింది” అన్నారట. సవతి తల్లి అనడానికి మొహమాటపడి ఆ మాట వాడి ఉంటారు. అమ్మాయి ఈయన దగ్గరకు వెళ్లి, “బాబాయ్, మారు అంటే ఏంటి?” అని అడిగిందట. ఈయన అప్పుడు పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. “మొదటిది అయిపోతే వడ్డించేదాన్ని మారంటారు” అన్నాడట. “అయితే మా అమ్మ అయిపోయిందా?” అని అడిగిందట. ఈయన నవ్వి, మిఠాయి చేతిలో పెట్టి ఆడుకోమన్నాడట.

అది హాస్యమనుకుని చెప్పాడు. ఇంటికొచ్చిన మనిషి కదా అని నేనూ ముఖాన నవ్వు పులుముకున్నాను. ఆయన వెళ్లాక గిన్నెలు కడుగుతుంటే అప్పుడు తట్టింది. వాళ్లమ్మ అయిపోలేదని చెప్పడానికి ఆ పిల్లకు దొరికిన దారి ఒక్కటే, మారు అడగకుండా లేచిపోవడం. పదమూడేళ్లు ఆకలి చంపుకుని తల్లికి కాపలా కాసింది. నేనేమో ఉప్పు సరిచేస్తూ కూర్చున్నాను. ఆ మాట ఆమెకు ఇప్పుడు గుర్తుందో, ఉత్త అలవాటుగా మిగిలిందో నాకు తెలియదు. ఏడాదికి రెండుసార్లు వస్తుంది, తింటుంది, చాలు పిన్నీ అంటుంది.

మరిదిని క్షమించాలా వద్దా అని ఇన్ని నెలలుగా ఆలోచిస్తున్నాను. ఆయన చెప్పిన అర్థంలో తప్పు లేదు, నా కోపమంతా అందుకే. క్షమించాననే రాసుకోండి. కుక్కరు మాత్రం తిరిగివ్వాలి.

7. నేరం ఒప్పుకోలు. అమ్మాయికి పదకొండో ఏట, ఒక చలికాలమంతా, నేను ఆమెకు ఒక గరిటె తక్కువ వడ్డించాను. కావాలనే చేశాను. ఆకలేస్తే అదే అడుగుతుందని పంతం పట్టాను. అడగలేదు. స్కూలు సంచీ దులుపుతుంటే నోటుపుస్తకం కాగితంలో చుట్టిన ఎండు బ్రెడ్డు ముక్కలు దొరికాయి. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవలసింది పోయి, “మారు అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా” అన్నాను. మర్నాటి నుంచి గరిటె నిండా వడ్డించాను గాని, అన్న మాట వెనక్కి రాలేదు. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. దీనికి శిక్ష ఏమిటో మాష్టారికి తెలియదు. నాకు తెలుసు, నాలుగేళ్లుగా ఒక్కదాన్నే తింటూ అనుభవిస్తున్నాను.

8. ఫోన్లో చెబితే పోయేదానికి స్టాంపు కాగితం ఎందుకని మాష్టారు అడిగారు. ఫోన్లో చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అమ్మాయి మనసు మంచిది. వచ్చే సెలవుల్లో వచ్చి, కూర్చుని, నా ముఖం చూసి మారు అడుగుతుంది. జాలిపడి అడుగుతుంది. అది నాకు వద్దు. నిజం చెప్పాలంటే కావాలి, చాలా కావాలి. ఎలా అడిగినా ఫరవాలేదనిపించేంతగా కావాలి. అందుకే నోరు కట్టేసుకుని, నేను లేని రోజు చదివేలా ఇక్కడ రాస్తున్నాను.

అమ్మాయీ, ఇక మాష్టారితో పని లేదు, నీతోనే చెబుతున్నాను. మీ అమ్మ అయిపోలేదు. నేను ఈ ఇంటికి వచ్చింది ఆమె అయిపోయిందని కాదు. మీ నాన్నకు అన్నం వార్చడం కూడా రాదు, మీరిద్దరూ టీలో బ్రెడ్డు ముంచుకుని తిని పడుకుంటున్నారని ఎవరో చెబితే పెళ్లికి ఒప్పుకున్నాను. నువ్వు కూడా ఒప్పుకున్నావా అని అడగాలని ఆ రోజు నాకు తోచలేదు. నీ కాపలా నా మీద అలక కాదని తెలిసిన దగ్గర్నుంచీ నా మనసులో ఒక్క మెతుకంత కష్టం కూడా లేదు. మారు అడగవలసిన అవసరం నుంచి నిన్ను ఈ వీలునామా మూలకంగా శాశ్వతంగా విడుదల చేస్తున్నాను. నాకున్నవాటిలో నేను సొంతంగా ఇవ్వగలిగింది ఇదొక్కటే.

అటక మీద నుంచి దింపి, పొయ్యి పక్క అరలో ఒక చిన్న ఇనప బాణలి పెట్టాను. మీ అమ్మది. వచ్చిన కొత్తలో ముగ్గురికి సరిపోదని వంక పెట్టి నేనే దాన్ని అటకెక్కించాను. నిజానికి ఆ పిడి ఆమె పట్టుకు అరిగి ఉండేది, నా చేతికి ఇమిడేది కాదు. తుప్పు పట్టకుండా వారానికోసారి నూనె రాస్తున్నాను. అందులో నేను వండలేదు. ఒక దుంపకు బాగుంటుంది.

9. చివరి అంశం. నేను పోయాక మరణ ధ్రువపత్రం కోసం ఆఫీసులో ఒక ఫారం ఇస్తారు. మీ నాన్న పోయినప్పుడు నేనే నింపాను. ‘మరణించినవారితో సంబంధం’ అని అందులో ఒక గడి ఉంటుంది, రెండు వేళ్ల వెడల్పు. అక్కడ ఏం రాయాలో నేను చెప్పను. పిన్ని అని రాయి, నాన్న భార్య అని రాయి. ఏదీ తోచకపోతే ఖాళీగా వదిలేయి, గుమాస్తా గొణుక్కుంటూ తనే ఏదో ఒకటి రాసుకుంటాడు. ఆ కౌంటరు పదకొండైతే గాని తెరవరు, క్యూ మెట్ల దాకా వస్తుంది. నేను ఆ రోజు ఏమీ తినకుండా వెళ్లి, గడి దాటి రాశాను. నువ్వలా వెళ్లకు. ముందు ఏదైనా వేడిగా వండుకుని, ఆకలి తీరేదాకా తిను. ఆ తర్వాత వెళ్లి రాయి.

పై తొమ్మిది అంశాలూ నేనే రాసి, ఒకసారి నాకు నేను పైకి చదువుకుని, సరిగా ఉన్నాయనుకుని, ఈ నెల పన్నెండో తేదీ గురువారం మధ్యాహ్నం నాలుగింటికి వంటింటి బల్ల మీద సంతకం చేస్తున్నాను.

(సంతకం)
పెద్ద వంటావిడ, నూలు మిల్లు క్యాంటీన్, రిటైర్డ్

ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసి, ఆమె ఎదుట మేమూ సంతకం చేసిన సాక్షులం:
1. కింది అంతస్తు టైలరు
2. గ్యాస్ సిలిండరు తెచ్చే అతను