లాంచీ ఓనరు ఆ రోజు రేవులో లేడు

అక్కా,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ ఒంటి మట్టుకు బాగానే ఉన్నాం. మనసుల సంగతి కిందికి చదివేకొద్దీ నీకే తెలుస్తుంది. నువ్వూ, బావా, చిట్టితల్లీ చల్లగా ఉన్నారనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. ఇస్త్రీ పని మాత్రం మానమంటే మానదు. "కూర్చుంటే తుప్పు పడతానురా" అంటుంది. చచ్చినవాళ్ల గురించి చదివి వీడు బతికేదెలా అని బావ బెంగపడుతున్నాడన్నావు. మన పక్కింటాయన ఇంకో అడుగు ముందుకేసి, "బీఏ హిస్టరీ అంటే పోలీసులు తీసే హిస్టరీయేనా?" అన్నాడు. బావకి చెప్పు, కాస్త నవ్వుకుంటాడు.

ఇక నువ్వు చివర్లో అడిగింది. నాన్న తప్పు లేదని తేలిందా అని.

దానికోసమే నేను చరిత్ర తీసుకున్నానని నీకు తెలుసు. సొంత ఊళ్లో జరిగిన ఒక ఘటన మీద, దాన్ని చూసినవాళ్లని అడిగి వ్యాసం రాయాలని ఆఖరి సంవత్సరంలో మా మేడమ్ చెప్పగానే, లాంచీ మునక అని రాసిచ్చాను. ఓనరు రేవులో నిలబడి జనాన్ని కుక్కి, "తీస్తావా, పని మానేస్తావా" అని లాంచీ నడిపే సరంగుగా ఉన్న నాన్నని గద్దించాడనీ, నాన్న గత్యంతరం లేక తీసి జనంతోపాటు తనూ పోయాడనీ వింటూ పెరిగాం కదా. దాన్ని సాక్ష్యాలతో నిలబెడదామనుకున్నాను. మేడమ్ ఒక్కటే అంది: "ఎవరు ఏం చెప్పినా, మీకెవరు చెప్పారని అడుగు. చూసిన మనిషి దొరికేదాకా ఆగకు."

రేవు దగ్గర టీకొట్టాయన ఓనరుని చూశానన్నాడు. "మీ కళ్లతోనా?" అంటే, "ఊరంతా చూసిందయ్యా, నేను ప్రత్యేకంగా చూడాలా?" అన్నాడు. క్షవరం చేయించుకుంటుంటే విన్నానని ఒకరు, మా ఆవిడ చెప్పిందని ఒకరు. చివరికి, లాంచీ మునిగిన సాయంత్రం గట్టు మీద టికెట్లు చింపినాయన దొరికాడు. చూపు మందగించింది కానీ మనిషి గట్టిగానే ఉన్నాడు.

"ఓనరా? ఆయన ఆ వారమంతా ఊళ్లో ఉంటే కదా బాబూ! వాళ్లమ్మని పెద్దాసుపత్రిలో చేర్చి అక్కడే ఉన్నాడు. ఒకటే వాన. అదే ఆఖరి లాంచీ. మీ నాన్న ముందు చాలు చాలు అన్నాడు. పిల్లల్నెత్తుకున్న ఆడవాళ్లు తడుస్తూ బతిమాలారు. 'సరే ఎక్కండి, మెల్లగా పోదాం' అన్నాడు. కాదనడం చేతకాని మనిషి."

అక్కా, నాన్నని ఎవరూ గద్దించలేదు. ఈయన్ని అసలు కలవలేదనుకుంటే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనిపించింది. అలా ఇంటికొచ్చి, అమ్మ ఇస్త్రీ చేస్తుంటే అడిగాను.

"ఓనరు రేవులో ఉన్నాడని నీకెవరు చెప్పారమ్మా?"

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. గుడ్డ కమిలిన వాసన వచ్చేదాకా అమ్మ దాన్ని ఎత్తలేదు.

"ఎవరూ చెప్పలేదు. బళ్లో నిన్ను 'లాంచీ ముంచినోడి కొడుకా' అన్నారని ఏడుస్తూ వచ్చావు. అక్క అసలు బడికే పోనంది. ఏదో ఒకటి చెప్పాలిగా! మీకే చెప్పాను. ఊరు పట్టుకుంటుందనుకున్నానా?"

ఎంత గట్టిగా పట్టుకుందో నీకు గుర్తుండే ఉంటుంది. ఓనరు రెండో లాంచీని ఎవరూ ఎక్కలేదు. ఇంటి మీద రాళ్లు పడ్డాయి. ఉన్నదంతా అమ్ముకుని వెళ్లిపోయి, పరాయి ఊళ్లో ఒకరి కింద పనిచేస్తూనే చనిపోయాడు. ఆయన భార్య తిరిగొచ్చి మార్కెట్టు వెనక మిషను కుట్టుకుంటోంది.

ఇంతసేపూ చెప్పలేక నానుస్తున్నది ఇదీ. నిన్ను అడగకుండా, అమ్మతో అనకుండా నేను ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆ మాట మా ఇంట్లోనే పుట్టిందని చెప్పేశాను. క్షమించమన్నాను. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ అంతా విన్నది.

"నాకెందుకు చెబుతున్నావు? నేనెన్నడైనా నమ్మానా? 'నేను అక్కడ లేను, నేను అక్కడ లేను' అంటూనే పోయాడాయన. పోయి ఆయనకి చెప్పుకో."

ఏ మొహంతో లేచి వచ్చానో నాకు తెలియదు. అమ్మకి చెబితే తిట్టలేదు. మర్నాడు పని పక్కన పెట్టి తనే బయల్దేరింది. ఆవిడ తల ఎత్తలేదట, మిషను ఆపలేదట. అమ్మ గుమ్మంలోనే చాలాసేపు నిలబడి వచ్చేసింది.

"మళ్లీ వెళ్తావా?" అన్నాను.

"వెళ్లకేం? తిట్టేదాకా వెళ్తాను. తిట్టడమైనా ఆవిడ చేతుల్లో ఉండాలిగా."

రోజూ వెళ్తోంది. ఆవిడ ఇంకా తిట్టలేదు.

వ్యాసం ఇచ్చేశాను. టికెట్లాయన మాటా, అమ్మ మాటా, అమ్మ ఒప్పుకున్నాకే, ఉన్నదున్నట్టు రాశాను. ఊళ్లో మళ్లీ నాన్న మీదే వేలు చూపిస్తారు. నీకు కోపం వస్తే నా మీద చూపించు, అమ్మ మీద వద్దు. నాకు మాత్రం వానలో తడిసేవాళ్లని చూసి "సరే ఎక్కండి" అన్న నాన్న మీద కోపం రావడం లేదు, ఆయన్ని వెనకేసుకు రావడమూ కుదరడం లేదు. రెంటి మధ్యా నలుగుతున్నాను.

ఇంకొక్క మాట. ఓనరు కూతురు బళ్లో నీ పక్కన కూర్చునేదనీ, నువ్వు ఒకరోజు పుస్తకాలు తీసుకుని వేరే బెంచీకి వెళ్లిపోయావనీ అమ్మ చెప్పింది. ఆ అమ్మాయి ఇప్పుడు మీ ఊళ్లోనే ఉంటోందని టికెట్లాయన చెప్పాడు. అడ్రసు వెనక వైపు రాశాను. వెళ్లమని నేననను. వెళితే మాత్రం, ముందు తననే మాట్లాడనివ్వు.

ఇట్లు,
నీకు చెప్పకుండా పెద్దవాడైపోయిన
నీ తమ్ముడు