పన్నీరుబుడ్డిలో కార్తీక్ సెంటు

ప్రొద్దుటూరు,
ఆదివారం.

చిరంజీవి కార్తీక్‌ను మీ నాన్న దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేనూ అమ్మా అవ్వా బాగున్నాం. బెంగళూరులో నువ్వు వేళకు తింటున్నావని నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

అవ్వ మోకాలి గురించి అడిగావు. మోకాలికి నొప్పే గాని నోటికి ఏ నొప్పీ లేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. బట్టలంగడి పర్వాలేదు, పెళ్లి బేరాలు మొదలయ్యాయి.

జమ్మలమడుగులో మీ అత్త కూతురు అర్చన నిశ్చితార్థం ఎలా జరిగిందన్నావు. బాగా జరిగింది, ఒక్క పొరపాటు తప్ప. మగపెళ్లివారు పులివెందుల నుంచి వచ్చి దిగేసరికి పన్నీరు అయిపోయింది. అవ్వ నా సంచి వెతికి, నువ్వు నమూనాకని పంపిన సెంటు సీసా తీసి మొత్తం పన్నీరుబుడ్డిలో పోసేసింది. ఆడపిల్లలు దాన్నే వచ్చినవాళ్లందరి మీదా చల్లారు. ముసలమ్మలు కూడా మగవాళ్ల సెంటు వాసనతో పీటల దగ్గర కూర్చున్నారు. అడిగితే అవ్వ, "నాకేం తెలుసురా, సీసా మీద అంతా ఇంగ్లీషే. వాసన బాగుండాది, పోసినా" అంది.

నేను ముందు పట్టుచీరల వైపు చూశాను. ఒక్క మరక లేదు. ఇంతలో పెళ్లికొడుకు తండ్రి గోపీకృష్ణ తన చొక్కా వాసన చూసుకుంటూ వచ్చాడు.

"ఏందప్పా నారాయణా, నేను ఇన్ని దుడ్లు పోసి తెప్పించుకునే ఫారిన్ సెంటు ఇదే గదా. నువ్వేంది, పన్నీరు మాదిరి చల్లిస్తాండావు?"

"ఫారిన్‌ది కాదప్పా. మావాడు చేస్తాండాడు."

ఆయన నమ్మలేదు. తన సీసా తెప్పించి ముంజేతికి కొట్టుకుని, మనది చల్లిన చొక్కాతో పోల్చి చూశాడు. భోజనాలయ్యాక మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. "నాది అప్పుడే పాయ. మీవాడిది ఇంకా ఉండాది. ఇంత పనిమంతుణ్ణి అంగట్లో కట్టేసుకోకుండా పంపించినావే, నీది శానా పెద్ద మనసప్పా" అన్నాడు. ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

నేను నీతో బాగాలేదన్న సెంటు నా సంచిలోనే ఎందుకుందని నువ్వు అడుగుతావు. చెబుతాను.

ఆ ఖరీదైన ఫారిన్ సెంటునే కొలతగా పెట్టుకుని, అలాంటిదే మామూలు గుమాస్తా కూడా కొనుక్కునే ధరలో చేస్తానని నువ్వన్నప్పుడు నకలు సరుకని ఎగతాళి చేశాను. నీ సీసా వచ్చిన రోజే గుడ్డను పరీక్షించినట్టు దాన్నీ పరీక్షించాను. తెల్ల మల్లుగుడ్డ ముక్క మీద కొట్టి బీరువాలో పెట్టాను. మొదట చీనీకాయ తొక్క గిల్లినప్పటి చురుకు. అది సర్దుకున్నాక మిల్లులో అప్పుడే కోసిన టేకు వాసన. నాలుగో రోజు బీరువా తెరిస్తే గంధమూ వట్టివేరూ అలాగే ఉన్నాయి. అంత ఓపికా, అంత పనితనమూ ఎవరు నేర్పారురా నీకు? ఆ రోజు నుంచి స్నానం చేయగానే కొట్టుకుంటున్నాను.

అయినా నువ్వు ఫోన్ చేసి, "నిజం చెప్పు నాన్నా, బాగాలేకుంటే ఇది మూసేసి అంగట్లో కూర్చుంటా" అన్నప్పుడు, బాగాలేదని చెప్పాను. అబద్ధం చెప్పాను. నువ్వు గల్లాపెట్టె ముందు కూర్చుంటే చూసుకోవాలన్న ఆశ నాది. ఆ ఆశకు నీ పనిని బలిపెట్టబోయాను. నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని నువ్వు రాసింది చదివి, మూడు రోజులు సంతోషంగా ఉన్నాను కూడా. నన్ను క్షమించమని అడగడానికి నోరు రాక ఉత్తరం రాస్తున్నాను. రేపు మన అంగట్లో పనిచేసే ఇర్ఫాన్ సరుకు కోసం బెంగళూరు వస్తున్నాడు, నీ చేతికే ఇస్తాడు.

గది ఖాళీ చెయ్యొద్దు. ఇంటివాడికి చెప్పేసి ఉంటే వెళ్లి మాట మార్చుకో. అంగడిని నేను చూసుకుంటాను, నువ్వు రావద్దు. బాగుంది నాయనా, నీ సెంటు శానా బాగుంది.

ఇట్లు,
ఈ మాట ఫోనులోనే చెప్పి ఉండాల్సిన
మీ నాన్న,
నారాయణ