కరెంటు సిగరెట్టుకు ఛార్జరు

కర్నూలు, 2009 మార్చి 3, మంగళవారం

కువైట్ నుంచి తమ్ముడు పంపిన కరెంటు సిగరెట్టు అందింది. అగ్గి లేదు, బూడిద లేదు. పీలిస్తే కొసన చిన్న దీపం, నోట్లోంచి ఆవిరి. ఈయన మొహం చూడాలి, కొత్త పెళ్లికొడుకే! డాక్టరు ఎక్స్‌రే చూపించి "ఇంకా తాగితే ఊపిరితిత్తులు మిగలవు" అన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఇదైనా ఆ పాడు సిగరెట్లు మాన్పిస్తే చాలు.

మార్చి 5

ఛార్జింగు పని నాదట. ఖాళీ ప్లగ్గు దేవుడి గూట్లోనే ఉంది. గోడకు గుచ్చే ఛార్జరు పిన్నును చిన్న గిన్నెలాంటి దానికి దూర్చి, అందులో బ్యాటరీని మర తిప్పి బిగించాలి. ఎరుపైతే ఎక్కుతోంది, పచ్చైతే నిండింది. సరే... కానీ బ్యాటరీ తీసేసినా పచ్చే వెలుగుతోంది! నిండినా పచ్చే, ఏమీ లేకున్నా పచ్చేనా? కాగితం చూద్దామంటే అంతా చైనా రాత.

మార్చి 9

ఈయన అంగట్లో ఒక్క సిగరెట్టూ ముట్టలేదట. నమ్మక చొక్కా వాసన చూశాను. నిజమే. వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషానికే.

మార్చి 12

పోయిన కరెంటు ఎక్కువై వచ్చింది. ట్యూబులైటు మాడింది. గోడకు గుచ్చే ఛార్జరూ మాడింది. గిన్నె మాత్రం బాగుంది. ఈయన అప్పుడే గొణుగుడు — "ఒగటి తాగితే ఏమైతాది లేబ్బా..."

మార్చి 13

సెల్లు రిపేరు మస్తాన్‌ని అడిగాను. "అన్నీ ఒకటేక్కా. పిన్ను పడితే సాలు." తమ్ముడికి ఫోన్ చేస్తే అరిచాడు — "దాందే పెట్టాల. పిన్ను ఒకటే ఉంటాది, ఓల్టులు వేరుంటాయి. పేలుతాదక్కా!" ఎవరైనా ఊరికొస్తే కొత్తది పంపుతాడట. అప్పటిదాకా ఈయన్ని ఎవరు పట్టుకోవాలి? ఎవరి మాట నమ్మాలి?

మార్చి 14

ఎమర్జెన్సీ లైటు ఛార్జరు పిన్ను గిన్నెకు దూరింది. "సూస్తివా, కలిసె!" అంటాడు ఈయన. పేరు కలిసిందని పెళ్లి చేస్తారా ఎవరైనా? మాడినదాని మీద ఐదు ఓల్టులని ఉంది, దీని మీద తొమ్మిది. ఎక్కువైతే త్వరగా ఎక్కుతుందా, లేక...

ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను. రేపు పెడతాను.

మార్చి 15

సాయంత్రం ఆ ఛార్జరే పెట్టాను. ఇంతలో కొళాయి వచ్చింది. "పచ్చయితే స్విచ్చి ఆపేయండి" అని అత్తమ్మకు చెప్పి బిందె తీసుకుని పోయాను. వచ్చేసరికి కమురు వాసన. అత్తమ్మ గూటి ముందు దండం పెట్టుకుని కూర్చుంది.

"ఆపలేదా అత్తమ్మా?"

"సందెపూట ఎలిగే దీపాన్ని ఆర్పుతారా మే? లచ్చిమి ఇంట్లోకొచ్చే యాళ!"

స్విచ్చి ఆపాను. పక్కనున్న పత్తి వత్తులు కమిలిపోయాయి. బ్యాటరీ కొస మూత పైకి లేచింది. పట్టకారుతో పట్టి పెరట్లో బండ మీద పడేశాను. గూటి కిందే ఈయన అంగడి చీరల మూటలు... అంటుకుని ఉంటే? అత్తమ్మను ఏమనను? తమ్ముడు వద్దన్నా పెట్టింది నేను.

మార్చి 16

పొద్దున అంగడికి పోతూ ఈయన — "ఏమ్మే, ఛార్జింగు ఎక్కిందా?"

"ఇంకా ఎర్రగానే ఉండాది."

అబద్ధం. పాడైందంటే వీధి చివర సిగరెట్ల బంకు ఉండనే ఉంది. ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా "సరే, రేపు" అని పోయాడు. రేపేం చెప్పాలి?

మధ్యాహ్నం పెరట్లోకి పోయి చూశాను. చల్లబడింది. మూత నొక్కితే మళ్లీ బిగుస్తుందేమో అనిపించింది... ఛీ, నా బుద్ధి. ఇన్నేళ్లూ ఈయనకు అందకుండా అగ్గిపెట్టెలు దాచినదాన్ని, ఇప్పుడు నేనే నిప్పు అందించబోయాను.

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న చప్పుడు. ఇంత తొందరగానా? దగ్గుతున్నాడు.

ముందు చొక్కా వాసన చూడనా, ముందు నిజం చెప్పనా...