రోజుకు మూడు జవాబులు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. రేషన్ బండిలో పంపిన మీ ఉత్తరం మొన్న అందింది. కొండ మీద డ్యూటీకి వెళ్ళాక పట్టిన దగ్గు తగ్గిందని రాశారు గానీ ఏ మందుతో తగ్గిందో రాయలేదు. అది రాయండి, నా పుస్తకంలో ఎక్కించుకుంటాను.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. వంటింటి కుళాయికి వాషర్ మార్పించాను, కారడం లేదు. మీ నల్ల గొడుగు బస్సులో పోలేదు, బీరువా వెనక ఉంది. అత్తయ్య చెయ్యి సంగతి ఒకే ఉత్తరంలో మూడుసార్లు అడిగారు. అది వివరంగా రాయాలంటే ఓడల ఆట గొడవంతా రాయాలి. అందులో నాకు ఇప్పటికీ సగం అర్థం కాలేదు. జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తాను, మీకేమైనా అర్థమైతే చెప్పండి.

పక్షవాతం తర్వాత మాటా నడకా మీరున్నప్పుడే తేరుకున్నాయి కదా. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. వ్యాయామాలు చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది: "వేళ్ళు కదిలితే మొదటి మూడు నాలుగు నెలల్లోనే కదలాలండీ. ఆ తర్వాత మనమెంత తాపత్రయపడ్డా అంతంత మాత్రమే." ఆ మూడు నాలుగు నెలల్లో రెండు అప్పటికే అయిపోయాయి. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే అత్తయ్య దాన్ని విసిరికొట్టారు. "బంతి పట్టుకుని కూర్చోడానికి నేనేమన్నా చంటిపిల్లనా?" అన్నారు. మరి మీకేం ఇష్టమండీ అని ఆ అమ్మాయి అడిగితే, "మావాడి ఓడల ఆట" అన్నారు.

సెలవు రోజుల్లో మీరు కంప్యూటర్లో ఆ ఆట ఆడుతుంటే ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, ఆ ఎర్ర ఓడని ఎండలో ఎంతసేపు నిలబెడతావురా అని అజమాయిషీ చేసేవారు కదా. ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "మౌస్ పట్టుకోవడం, సరుకు లాగడం, రేవులో వదలడం. ఇంతకన్నా ఏం కావాలండీ! రేపే మొదలుపెట్టండి" అంది.

మర్నాడే మొదలుపెట్టాను. మొదలుపెట్టడం వరకే నా చేతిలో ఉందని తర్వాత తెలిసింది.

మీరు వెళ్ళాక కంప్యూటరు మొరాయిస్తే మెకానిక్ లోపలి డిస్కు మార్చాడని పోయిన ఉత్తరంలో రాశాను. దాంతో ఆట కూడా పోయింది. అటక మీంచి ఆట డబ్బా తీశాను. కార్డు మీద ఇరవై అయిదు అక్షరాల కోడ్ ఉంది. కింద స్కేలు పెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టాను. ఆట ఎక్కింది. ఎక్కాక "యాక్టివేషన్" అంది. అంటే, దుకాణంలో కొని, ఇంటికి తెచ్చి, డబ్బా విప్పాక కూడా, మేము ఆడుకోవచ్చా అని ఇంటర్నెట్‌లో ఆ కంపెనీని అడగాలట! సరే, అడిగాను. "లైసెన్సు చెల్లదు" అని వచ్చింది.

నా పద్ధతి మీకు తెలుసు. కుట్టు వంకరపోతే అక్కడికక్కడ సర్దను, మొత్తం విప్పి మొదటి నుంచీ వేస్తాను. అలాగే ఆటని పూర్తిగా తీసేసి, కంప్యూటరు ఆపి, మళ్ళీ మొదటి నుంచీ ఎక్కించాను. మళ్ళీ చెల్లదంది. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అయిదుసార్లు విప్పి, అయిదుసార్లు ఎక్కించాను. ఆరోసారికి తెర మీద ఇంకో మాట వచ్చింది: "ఈ కోడ్‌ను అనుమతించిన అయిదు కంప్యూటర్లలోనూ వాడేశారు."

అది చదివి వినిపిస్తే అత్తయ్య, "మిగతా నాలుగూ ఎక్కడ పెట్టావే అమ్మాయ్?" అన్నారు.

మెకానిక్‌ని పిలిపించాను. అతను కుర్చీలో కూర్చోకుండానే తెర మూల చూసి, "అమ్మా, ఇవాళ తేదీ ఎంత?" అన్నాడు. చెప్పాను. "మీ కంప్యూటర్ లెక్కలో పదకొండేళ్ళ కిందట ఉన్నారు మీరు" అన్నాడు. లోపల గడియారానికి చిన్న బ్యాటరీ ఉంటుందట, అది అయిపోయిందట; కొత్తది వేశాడు. కంపెనీ వాళ్ళు అయిదుసార్లూ లైసెన్సు సక్రమంగానే ఇచ్చారు. అది మొదలయ్యే తేదీ ఇంకా పదకొండేళ్ళకు గానీ రాదనుకుని మన కంప్యూటరే కాదంది. అవతల మాత్రం ఎక్కించిన ప్రతిసారీ కొత్త కంప్యూటరనుకుని అయిదూ ఖర్చు రాసేసుకున్నారు. గ్యాస్ సిలిండరు మార్చిన తేదీ కూడా క్యాలెండరు మీద గుర్తుపెట్టే మనిషిని, ఆ మూలకేసి ఒక్కసారి చూస్తే సరిపోయేది. ఊరుకుని ఉన్నా సరిపోయేది. నేను పద్ధతిగా చేసిన కొద్దీ చెడింది.

పాత కంప్యూటర్లను జాబితాలోంచి తీయించాలంటే మీ ఖాతాలోకి వెళ్ళాలట. వెళ్దామంటే రహస్య అంకె మీ ఫోనుకి వస్తుంది. మీ ఫోనుకి కొండ మీద సిగ్నల్ లేదు. మీ ఆఫీసు వైర్‌లెస్‌లో కబురు చేయిద్దామని గుమాస్తాగారి దగ్గరికి వెళ్ళాను.

"అత్యవసరమైతేనే పంపుతామమ్మా. విషయమేంటి?"

"ఆట తెరుచుకోవడం లేదండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఎవరి ఆట?" అన్నారు.

"మా అత్తగారిది."

"ఆవిడకెన్నేళ్ళు?"

డెబ్బై మూడు అని చెప్పి, ఆయన నవ్వు ఆపుకోవడం చూడలేక వచ్చేశాను.

ఇక మిగిలింది ఒకటే దారి. ఫోను లేనివాళ్ళు ఒక ప్రశ్నకి జవాబు చెప్పి లోపలికి వెళ్ళొచ్చు. ఖాతా తెరిచిన రోజు మీరే ఎంచుకున్న ప్రశ్నట: "చిన్నప్పుడు మీకు అన్నిటికంటే ఇష్టమైన ఆటవస్తువు ఏది?" రోజుకు మూడుసార్లు చెప్పొచ్చు. మూడూ తప్పితే మర్నాటి దాకా తలుపు మూసేస్తారు.

మొదటి రోజు నా మూడూ తప్పాయి. బొంగరం, గాలిపటం, గోలీలు.

"పాతికేళ్ళు కాపురం చేశావు, ఇదా నీకు తెలిసింది?" అన్నారు అత్తయ్య.

"ఆయన చిన్నప్పుడు నేను లేను కదా అత్తయ్యా."

"నేనున్నాను. రేపు నేను చెప్తా, నువ్వు పక్కకి జరుగు."

మర్నాడు ఆవిడ మూడూ తప్పాయి. రేకు కారు, చెక్క గుర్రం, ఈల. నేను కీబోర్డు తుడిచాను. అదీ ఆవిడకి నచ్చలేదు. "మొహం అలా పెట్టకు. కాగితం పెన్సిలు తే, గుర్తొచ్చినవన్నీ రాసిస్తాను. చెప్తే నువ్వు తికమకగా కొడుతున్నావు" అన్నారు. తెచ్చిచ్చాను. ఎడమ చేత్తో రాయడం ఆవిడకి రాదు. పెన్సిల్ని కుడి వేళ్ళ మధ్య ఎడమ చేత్తో ఇరికించుకుని, పళ్ళు బిగించి, "ఉండేలు" అని రాశారు. మూడక్షరాలకి పావుగంట పట్టింది. ఒక్కొక్కటీ వంకాయంత ఉంది. నేను పక్కనే నిలబడి కాగితం జరగకుండా పట్టుకున్నాను.

అప్పటి నుంచి రోజుకు మూడు. ఫిజియో అమ్మాయి ఆ కాగితాలు చూసి, "మేడమ్, ఏ ఆటో నాకు తెలియదు గానీ ఇది ఆపకండి" అంది. ఇవాళ్టికి పధ్నాలుగో రోజు. అక్షరాలు వంకాయల నుంచి చిక్కుడు గింజల సైజుకి దిగాయి. చూపుడు వేలు తనంతట తాను వంగుతోంది. మీరడిగిన దానికి ఇదీ జవాబు.

ఇంతవరకు రాసింది అత్తయ్యకు చదివి వినిపించాను. "బంతి విసిరిన సంగతి రాయకపోతే నీ సొమ్మేం పోయింది?" అన్నారు. "ఇంకా తెరుచుకోలేదని రాశావా? వాడు ఏం పెట్టాడో వాణ్ణే రాయమను" అన్నారు. రాస్తానన్నాను.

---

ఈ రెండో కాగితం ఆవిడకు చదవను. మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. లేచేలోగా ముగించాలి.

తలుపు తెరుచుకుంది. అయిదు రోజులైంది. ఆవిడకు చెప్పలేదు. మన పెళ్ళయ్యాక ఆవిడ దగ్గర నేను దాచిన మొదటి సంగతి ఇది. ఇంత చిన్నదాన్ని దాచడానికి ఇంత కష్టపడాలని తెలియదు.

తొమ్మిదో రోజు ఆవిడకి ఒళ్ళు వెచ్చబడి రెండే రాశారు. రెండూ తప్పాయి. మూడో అవకాశం మిగిలింది. దాన్ని వృథా చేయడం నాకు మనసొప్పలేదు. ఏం కొట్టాలో తోచక మీరు ఫారాలు నింపే తీరు గుర్తు తెచ్చుకున్నాను. ఏ ఫారంలోనూ గడి ఖాళీగా వదలరు మీరు. వర్తించని చోట ఏమీ లేదన్నట్టు "నిల్" అని రాస్తారు. మీ ఆఫీసు అలవాటు. బడి ఫారంలో మన అమ్మాయికున్న జబ్బుల గడిలో నిల్ అని రాసినప్పుడు నవ్వుకున్నాం కూడా. ఊరికే అదే కొట్టాను. తలుపు తెరుచుకుంది.

ముందు సంతోషించాను. అయిదు కంప్యూటర్లనూ తీయించి, ఆట ఎక్కించి, ఓడలు కదలడం కూడా చూశాను. అత్తయ్యని పిలవడానికి లేచి, గడప దగ్గర ఆగిపోయాను. పిలిస్తే ఆవిడ అడిగే మొదటి మాట, "ఏది తగిలింది?" అని.

అప్పటి నుంచి నాకు ఏమీ తోచడం లేదు. మీరు ఆ గడి తొందరగా దాటడానికి అలవాటుగా కొట్టారా? లేక ప్రశ్న చదివి, ఆలోచించి, ఉన్నమాటే రాశారా? ప్రశ్నల పట్టీ చూశాను, అందులో పది ఉన్నాయి. పుట్టిన ఊరు ఉంది, మొదటి టీచరు పేరు ఉంది. వాటన్నిటినీ వదిలి దీన్నే ఎందుకు ఎంచుకున్నారు? పైదే తీసుకుందామన్నా ఇది పైన లేదు. ఏడోది. ఏడోది ఎంచుకుని నిల్ అని రాయడం నిర్లక్ష్యమో కాదో నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. మామయ్య పోయాక అత్తయ్య కుట్టుపనితో ఇల్లు నడిపిన ఆ రోజులు ఎలా గడిచాయో మీరు నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. పన్నెండో రోజున ఆవిడ "సైకిలు" అని రాశారు. మీకు సైకిలు ఉండేదని ఎప్పుడూ వినలేదే అన్నాను. "మనది కాదులే, పక్కింటి వాళ్ళ పిల్లాడిది. వీడు మెట్ల మీద కూర్చుని దానికేసే చూసేవాడు. ఇష్టమనేగా?" అన్నారు. ఆ తర్వాత, ఏమీ ఎరగనట్టు, రేకు కారు ఎవరిదని అడిగాను. అదీ పక్కింటిదే. చెక్క గుర్రం ఆవిడ బట్టలు కుట్టిచ్చే ఇంట్లోదట. ఎవరిది ఏదో ఆవిడకి ఇప్పుడు గుర్తు లేదో, గుర్తు లేదనుకుంటే బాగుంటుందని అనుకుంటున్నారో, అదీ నాకు అర్థం కాలేదు. రాసేటప్పుడు మాత్రం ఆవిడ మొహం చూడాలి మీరు.

కాబట్టి రోజూ మూడు మాటలు తీసుకుని కంప్యూటరు ముందు కూర్చుని, కొట్టినట్టు నటించి, "లేదత్తయ్యా" అంటున్నాను. ఇది ఎంతో కాలం సాగదు. పెన్సిలు పట్టుకోవడం వచ్చింది గానీ, పట్టిన దాన్ని వదలడానికి వేళ్ళు విచ్చుకోవడం లేదని, దానికి మౌసే మంచిదని, వచ్చే నెల మొదటికల్లా అది మొదలవాలని ఫిజియో అమ్మాయి అంటోంది. ఆవిడకి గుర్తొచ్చేవీ అయిపోతున్నాయి. నిన్న "అగ్గిపెట్టె" అని రాశారు.

జాబితాలో ఏదో ఒకటి తగిలిందని చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ మీరు దిగివచ్చిన రోజున, "ఒరేయ్, ఫలానాది అంత ఇష్టమట్రా నీకు" అని ఆవిడ అడుగుతారు. మీరు తెల్లమొహం వేస్తారు. పైగా నాకు అబద్ధం అతకదని మీకు తెలుసు.

ఆలోచించి ఒక పద్ధతి కనిపెట్టాను. ఖాతా లోపలికి వెళ్ళాక ఆ జవాబును మార్చుకునే వీలుంది. ఈ ఉత్తరంతో ఆవిడ రాసిన కాగితాలు జత చేస్తున్నాను. మూల ప్రతులు కావు, నిన్న ఫొటోస్టాట్ తీయించాను. వరుస నంబర్లు నేను వేశాను. అన్నీ చదవండి. ఏదో ఒకదాని నంబరు నాకు రాయండి. నేను లోపలికి వెళ్ళి నిల్ చెరిపేసి, దాన్ని పెడతాను. బయటికి వచ్చి, అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ చేతే ఆ మాట కొట్టిస్తాను. ఆవిడ వేళ్ళ కిందే తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు అందులో అబద్ధం ఏముంటుందో, ఉంటే ఎవరిదో, నేను ఎంత ఆలోచించినా తేలలేదు.

మీరు కూడా రెండు కాగితాలు రాయండి. ఒకటి చదివి వినిపించడానికి. నంబరు రెండోదాంట్లో ఉండాలి. ఆ ముప్పై ఎనిమిది మాటల్లో నిజంగా మీదైనది ఒక్కటైనా ఉంటే, దాని నంబరే రాయండి. ఒక్కటీ లేకపోతే, అదీ రాయండి. అప్పుడు మీ బదులు నేను ఎంచుతాను. ఏది ఎంచుతానో మీకు తెలియాలి గనుక ఇప్పుడే చెప్తున్నాను: పదిహేడు. గుడ్డపీలికలతో ఆవిడే కుట్టిన ఏనుగు. దానికి తొండం రెండుసార్లు ఊడితే రెండుసార్లూ కుట్టానని ఆవిడ అంచున రాశారు. అది పక్కింటిది అయ్యుండదు.

అత్తయ్య లేచినట్టున్నారు. పెన్సిలు చెక్కిపెట్టమని పిలుస్తున్నారు.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూసే
మీ ఇంటావిడ