ఫిల్ములో నాకు కనబడిన గడ్డ

మంగళవారం.

నా పేరు కోటమ్మ, డెబ్బై రెండేళ్లు. కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను. నాకు రాత రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

పొద్దున గుంటూరులో నా కడుపుకి స్కానింగ్ తీశారు. "గ్యాసేనమ్మా" అన్నాడు కొడుకు. ఇంటికొచ్చి ఫిల్ము కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. ఎర్రటి మిరపరాశిలో తెల్లటి తాలుకాయలు ఏరిన కళ్లు నావి.

"ఒరేయ్, నిమ్మకాయంత తెల్లగా ఉంది, ఇదేం గ్యాసురా?"

వాడు ఏడ్చేశాడు. "గడ్డంటమ్మా. ఎవరికోగానీ రాదంట. కోసి తీయాలంట. ఈ వయసులో వద్దులే."

"కడుపు నాది. వద్దనడానికి నువ్వెవడివిరా?"

తట్టుకుంటానో లేదో... అయినా తీయించుకుంటాను. ఆపరేషనుకి ఒప్పుకునే ఆసుపత్రి కాగితం మీదా ఈ వేలిముద్రే పడుతుంది.

కోటమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: మనవరాలు శ్రావణి. కొడుకు శీను, ఏడుస్తూనే సంతకం పెట్టాడు.