మిరపనారుకు ఉప్పునీళ్లు

పరకాల
సుభాషిణి డాక్టరమ్మకు నమస్కారం.

మీ కరపత్రం చదివి, “వాచిన చిగుళ్లకు ఉప్పునీళ్లు” అని ఊరి గోడలన్నిటి మీదా రాసింది నేనే. అది చూసి మా కట్టయ్య మామ మిరపనారు చిగుళ్లకు ఉప్పునీళ్లు కొట్టాడు. నారు మాడిపోయింది. మూఢత్వం నశించాలని అతని మీద అరిచాను.

“పంటి చిగుళ్లో పంట చిగుళ్లో రాయాలె గదరా” అన్నాడు. ఇంకా గట్టిగా అరిచాను.

ఇప్పుడు బాధంతా మా అమ్మది. చిగుళ్లు వాచి నెత్తురొస్తోంది. మెత్తని బ్రష్షుతో రెండు పూటలా తోముతోంది గానీ, ఉప్పునీళ్లు పుక్కిలించమంటే “నారే మాడె, నా నోరెంత కొడుకా” అంటోంది. మీరు దయచేసి వచ్చి చూడండి. వచ్చేటప్పుడు వ్యవసాయాధికారిని వెంటబెట్టుకు రండి. ఆయన చెబితేనే పుక్కిలిస్తుందట.

ఇట్లు,
చిలుకమ్మ కొడుకు